పాటిగడ్డ, మంకమ్మతోట: ఉత్తర తెలంగాణ పొలాల, వాడల పేర్లు – నిరుక్తి పద్ధతిపై ఒక విమర్శ

1. ప్రవేశిక

తెలుగులో స్థలనామ పరిశోధన ప్రధానంగా గ్రామనామ పరిశోధనగానే సాగింది. 1976లో వెలువడిన కేతు విశ్వనాథరెడ్డి గారి 'కడప ఊర్ల పేర్లు' ఒక జిల్లాను పరిధిగా స్వీకరించి ఊర్ల పేర్లను శాస్త్రీయంగా పరిశీలించే మార్గాన్ని చూపింది. ఆ తరువాత వచ్చిన జిల్లావారీ పరిశీలనలు కూడా గ్రామాన్నే ప్రమాణంగా తీసుకున్నాయి. గ్రామం పొలిమేర లోపల ఉన్న పేర్లు మాత్రం పరిశోధకుల దృష్టికి అంతగా రాలేదు. మడులు, చెలుకలు, కుంటలు, ఒర్రెలు, బాటలు, వాడలు, గల్లీలు అన్నిటికీ పేర్లున్నాయి. వాటిని ఈ వ్యాసంలో సూక్ష్మ స్థలనామాలు అని వ్యవహరిస్తున్నాను.

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు ఈ వ్యాసానికి పరిధి. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో ఈ ప్రాంతం అనేక జిల్లాలుగా విడిపోయినా, భాషాచరిత్ర దృష్టితో దీనిని ఒక్కటిగా చూడడం సమంజసం. ఇక్కడ నిరూపించదలచిన విషయం ఒక్కటే. గ్రామనామాలకు మనం చెప్పుకొంటున్న వ్యుత్పత్తులలో చాలావరకు పేరు ధ్వని మీద ఆధారపడినవి. పేరు ఏ నేలకు పెట్టారో, ఏ రికార్డు గుండా మన దాకా వచ్చిందో ఆ వ్యుత్పత్తులు పట్టించుకోవు. సూక్ష్మ స్థలనామాలకు స్థలపురాణాలు లేవు. వాటిని ఎవరూ సంస్కరించలేదు. అందువల్ల నిరుక్తి పద్ధతిని సరిదిద్దుకోవడానికి అవే తగిన ఆధారాలు. ఆ ఆధారాలు కళ్ళముందే అంతరించిపోతుండడం వల్ల ఈ చర్చ తక్షణావసరమని భావిస్తున్నాను.

2. ఒక పేరు, అనేక రూపాలు

వేములవాడను మొదట పరిశీలిద్దాం. చాళుక్య అరికేసరి వంశీయుల రాజధానిగా ఈ ఊరు ప్రసిద్ధం. క్రీ.శ. 966 నాటి పర్భణి తామ్రశాసనంలో దీని పేరు లేంబులపాటకం. దేశీరూపం లేములవాడ. నేటి లిఖితరూపం వేములవాడ. జనవ్యవహారంలో మాత్రం ఇది 'ఏములాడ'. రాజరాజేశ్వరస్వామిని భక్తులు 'ఏములాడ రాజన్న' అనే పిలుస్తారు.

ఈ రూపాలలో రెండు రకాల మార్పులున్నాయి. వేములవాడ 'ఏములాడ' కావడం ధ్వనిసూత్రానికి లోబడిన మార్పు. తెలంగాణ వ్యవహారంలో వెండి 'ఎండి' అవుతుంది, వెన్న 'ఎన్న' అవుతుంది. పదాదిలో ఎ, ఏ అచ్చులకు ముందున్న వకారం లోపించడం ఇక్కడ సర్వసాధారణం. పదమధ్యంలో 'వాడ' 'ఆడ'గా మారడమూ ఇలాంటిదే. కాని 'లేముల' 'వేముల' కావడానికి అటువంటి సూత్రమేదీ లేదు. అర్థం తెలియని పూర్వపదాన్ని వేము, అంటే వేపచెట్టు, అన్న తెలిసిన పదానికి దగ్గర చేసినట్లు కనిపిస్తుంది. దీనినే లోకనిరుక్తి అంటాము. ఈ ప్రాంతంలో ఆ చెట్టును సామాన్యులు 'యాపచెట్టు' అంటారు. కాబట్టి 'వేము' పొలంలో పనిచేసేవారి నోటినుంచి కాక, చదువుకున్నవారి కలంనుంచి వచ్చి ఉండవచ్చునన్న ఊహకు అవకాశముంది. వేపచెట్ల వల్ల ఊరికి ఆ పేరు వచ్చిందని వ్రాసినవారు చివరి రూపాన్ని మొదటి రూపంగా పొరపడ్డారు.

ఇందులో మరొక అంశం గమనార్హం. సంస్కృతంలో 'పాటకం' అన్న పదానికి గ్రామంలో ఒక భాగం అనే అర్థం ఉంది. తెలుగు 'వాడ' కూడా ఊరిలోని ఒక భాగమే. అయినా ఇక్కడ అది రాజధాని పేరులో ఉత్తరపదంగా నిలిచింది. అంటే వాడ పేరును, ఊరి పేరును వేర్వేరు శాస్త్రాలుగా విడదీసి చదవడం కుదరదు.

ఎలగందుల రెండవ ఉదాహరణ. 1905 నాటి పునర్వ్యవస్థీకరణకు పూర్వం జిల్లా ఈ పేరుతోనే ఉండేది. దీని పూర్వరూపం వెలిగందుల. ఇక్కడ కూడా పదాది వకారలోపమే జరిగింది. దీనిని గుర్తించకుండా 'ఎల' అన్న రూపాన్నే ధాతువుగా తీసుకొని చేసే విశ్లేషణ పునాది లేనిదవుతుంది.

మూడవది ఒక సముదాయం. జగిత్యాల పేరును పొలవాస పాలకుడు జగ్గదేవునితో ముడిపెట్టడం పరిపాటి. పూర్వపదానికి ఆ వివరణ ఆకర్షణీయంగానే ఉంటుంది. అయితే జగిత్యాల పక్కనే మల్యాల, కొడిమ్యాల ఉన్నాయి. గోదావరికి ఆవలి ఒడ్డున మంచిర్యాల ఉంది. ఈ నాలుగింటికీ సమానమైన '-యాల' ఏమిటో చెప్పకుండా ఒక్క పూర్వపదానికి రాజు పేరు చూపితే సమస్యలో సగం మిగిలిపోతుంది. ఒక ఉత్తరపదం ఒకే ప్రాంతంలో పదేపదే కనిపించినప్పుడు, ఆ ఊళ్ళన్నిటికీ ఉన్న ఉమ్మడి భౌగోళిక లక్షణమేమిటని ముందు విచారించాలి. ఏ వ్యుత్పత్తి అయినా ఆ సముదాయమంతటికీ సరిపోవాలి. లేదా ఎందుకు సరిపోలేదో చెప్పగలగాలి.

3. లిపి చేసిన మార్పు

హైదరాబాదు రాజ్యంలో పైస్థాయి రెవెన్యూ రికార్డు మొదట పారసీలోనూ, 19వ శతాబ్ది చివరి దశకాలనుంచి ఉర్దూలోనూ నడిచింది. ఉర్దూ లిపిలో ణ, ళ అక్షరాలు లేవు. హ్రస్వాచ్చులను సాధారణంగా వ్రాయరు. అజంతమైన తెలుగు పేరు ఆ లిపిలోకి వెళ్ళినప్పుడు హలంతంగా మారే అవకాశం ఎక్కువ. ఎలగందుల 'ఎల్గందల్' అయింది. జగిత్యాల 'జగ్తియాల్' అయింది. మంచిర్యాల 'మంచేరియల్' అయింది. ఆంగ్ల రికార్డు ఈ రూపాలనే స్వీకరించింది. నేటి రైల్వే బోర్డుల మీద, మ్యాపుల మీద కనిపించే ఆంగ్ల వర్ణక్రమానికి మూలం ఇదే. తెలుగు ఉచ్చారణనుంచి నేరుగా ఆంగ్లంలోకి వచ్చిన రూపాలు కావివి. మధ్యలో మరొక లిపి ఉంది.

ఊరి పేరు విషయంలో ఈ వక్రీకరణ పెద్దగా నష్టం కలిగించదు. ఎందుకంటే ఊరి పేరు నిత్యం నోట నలుగుతుంది, తెలుగులో వ్రాయబడుతుంది. భూమికి సంబంధించిన పదాల విషయం అలా కాదు. తెలంగాణలో మెట్టపంటలు పండే ఎర్రని తేలికనేలను రైతు 'చెలుక' అంటాడు. అధికారిక గ్రంథాలలో అది 'చల్కా' అయింది. నేలల వర్గీకరణలో ఒక సాంకేతికపదంగా స్థిరపడింది. ఇప్పుడు తెలుగు పాఠ్యపుస్తకాలు కూడా 'చల్కా నేలలు' అని వ్రాస్తున్నాయి. రైతు మాట ఉర్దూ రికార్డులోకి వెళ్ళి, ఆంగ్లం మీదుగా, సొంత భాషకే అన్యదేశ్యమైన రూపంలో తిరిగివచ్చింది. ఒక సామాన్యపదానికే ఇంత జరిగితే ఒక్క ఊరివారికి మాత్రమే తెలిసిన పొలం పేరు రికార్డులోకి ఎక్కినప్పుడు ఎంత మారి ఉంటుందో ఊహించవచ్చు.

4. పొలం పేరు నిర్మాణం

తెలుగు వ్యవసాయ పదజాలాన్ని సేకరించడంలో మనకు గట్టి పునాది ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వెలువడిన 'మాండలిక వృత్తి పదకోశం' తొలి సంపుటం వ్యవసాయానికి సంబంధించినదే. అయితే పదం వేరు, పేరు వేరు. 'మత్తడి' అన్న పదం చెరువులో అదనపు నీరు పొర్లిపోయే కట్టుబడి అని కోశం చెబుతుంది. 'మత్తడికింది మడి' అన్న పేరు ఒకే ఒక్క నేలతునకను సూచిస్తుంది. ఆ మత్తడి ఎక్కడ ఉండేదో, చెరువు పూడిపోయిన తరువాత కూడా, ఆ పేరు చెప్పగలదు.

ఈ ప్రాంతపు పొలాల పేర్లను స్థూలంగా ఐదు వర్గాలుగా చూడవచ్చు. నీటివనరును బట్టి వచ్చినవి: తూముకాడి పొలం, మోటబాయి పొలం, ఒర్రెగడ్డ. నేల గుణాన్ని బట్టి వచ్చినవి: చౌడుచెలుక, దుబ్బచేను, రేగడి. చెట్టును బట్టి వచ్చినవి: ఇప్పలమడి, చింతలచెలుక. భూమి హక్కును బట్టి వచ్చినవి: దేవునిమాన్యం, నీరడిమాన్యం, కుమ్మరి ఇనాం. పూర్వపు నివాసాలను, శ్మశానాలను బట్టి వచ్చినవి: పాటిగడ్డ, బొందలగడ్డ. ఇవి ఏ ఒక్క ఊరికో ప్రత్యేకమైనవి కావు. ఏ ఊరిలోనైనా ఇటువంటి కూర్పులు వినబడతాయి. ఇంత సరళంగా కనిపించే ఈ పేర్లలో కూడా నిరుక్తికారుడు జారిపడే చోట్లున్నాయి.

'తూము' తీసుకుందాం. చెరువుకట్టలో నీరు వదిలే నిర్మాణం తూము. ధాన్యం కొలిచే మానం కూడా తూమే. భూమిని అందులో చల్లే విత్తనపు పరిమాణంతో కొలిచే పద్ధతి తెలుగుదేశంలో ప్రాచీనమైనది. పుట్టెడు భూమి అన్న వాడుక అందుకు సాక్ష్యం. కాబట్టి 'తూముమడి' అన్న పేరులో తూము నీటిదా, గింజలదా అన్నది పేరు చూసి చెప్పలేము. ముందు సంఖ్యావాచకం ఉంటే మానం కావడానికి అవకాశం ఎక్కువ. అది లేనప్పుడు ఆ మడి చెరువుకట్ట పక్కన ఉందో లేదో చూడాలి.

'కుంట' మరింత క్లిష్టమైనది. చిన్నచెరువు కుంట. ఎకరంలో నలభయ్యో వంతు గుంట. సమాసంలో పరుషానికి సరళం రావడం తెలుగు వ్యాకరణంలో సుపరిచితమైన విషయం. అందువల్ల నీటికుంట కూడా ఉత్తరపదంగా 'గుంట' కావచ్చు. జమ్మికుంట, చింతకుంట వంటి పేర్లలో పూర్వపదం చెట్టు కనుక సందేహం లేదు. 'నాలుగుగుంటల చెలుక'లోనూ సందేహం లేదు. కాని పూర్వపదం వ్యక్తినామమైనప్పుడు అది ఆ వ్యక్తి తవ్వించిన కుంటా, అతని పాలికి వచ్చిన గుంటలా అన్నది నేల చూసే తేల్చాలి. కరీంనగర్ పక్కనున్న అలుగునూరులోని 'అలుగు' చెరువు అలుగేనా అన్న ప్రశ్నకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. నిఘంటువు సాధ్యమైన అర్థాలను చెబుతుంది. వాటిలో ఏది సత్యమో నిర్ణయించేది నేల.

5. పాటిగడ్డ సాక్ష్యం

సూక్ష్మ స్థలనామాల విలువను నిరూపించడానికి 'పాటిగడ్డ' ఒక్కటి చాలు. తెలంగాణలో అనేక గ్రామాల శివార్లలో ఈ పేరుగల నేలలున్నాయి. పాటిమీది చెలుక, పాటిదిబ్బ అన్నవి దీని రూపాంతరాలు. అక్కడి మట్టిని 'పాటిమన్ను' అంటారు. అది సారవంతమైనదని రైతులు తవ్వి పొలాలకు తోలుకొంటారు.

'పాటి' అన్న రూపాన్ని వ్యాకరణరీత్యా పరిశీలిస్తే దారి స్పష్టమవుతుంది. నాడు–నాటి, ఏడు–ఏటి, కాడు–కాటి అన్న జంటలలో వలె పాడు–పాటి. బాలవ్యాకరణం చెప్పిన ఔపవిభక్తికాలలో 'టి' ఒకటి. కాబట్టి పాటిగడ్డ అంటే పాడు యొక్క గడ్డ, అనగా పాడుబడిన ఊరి దిబ్బ. తెలుగు గ్రామనామాలలో '-పాడు' ఉత్తరపదంగా ప్రసిద్ధం. అక్కడ అది నివాసస్థలాన్ని సూచిస్తుంది. ఇక్కడ శిథిలమైన నివాసాన్ని సూచిస్తున్నది. పాటిమన్ను సారవంతం కావడానికి కారణం కూడా ఇదే. తరతరాల మానవనివాసం వల్ల బూడిద, పేడ, ఎముకలు, కుళ్ళిన పదార్థాలు ఆ మట్టిలో కలిసిపోయాయి. భాషాశాస్త్రం చెప్పినదాన్ని నేల సమర్థిస్తున్నది, నేల చూపినదాన్ని రైతు అనుభవం సమర్థిస్తున్నది. నిరుక్తికి ఇంతకంటే బలమైన నిరూపణ అరుదు.

ఈ ప్రాంతపు పురావస్తు చరిత్ర నేపథ్యంలో దీని ప్రాముఖ్యం మరింత స్పష్టమవుతుంది. పెద్దబంకూరు, ధూళికట్ట, కోటిలింగాల తవ్వకాలు శాతవాహన చరిత్రకు ఉత్తర తెలంగాణను కేంద్రస్థానంలో నిలిపాయి. వి.వి. కృష్ణశాస్త్రి గారి పరిశోధన ఈ విషయంలో ప్రామాణికం. వీటిలో ధూళికట్ట పేరే ఒక సాక్ష్యం. ధూళి అంటే మట్టి, కట్ట అంటే మట్టిపోసి ఎత్తుచేసిన కట్టడం. తవ్వకాలలో అక్కడ మట్టికోట ప్రాకారం, బౌద్ధస్తూపం వెలుగు చూశాయి. పండితులు ప్రాకారాన్ని గుర్తించక ముందే దాని సమాచారం ఊరి పేరులో భద్రంగా ఉంది. పాటిగడ్డలన్నీ ధూళికట్టలు కావు. కాని ప్రతి పాటిగడ్డా ఒక పూర్వనివాసానికి సూచన. పాటిమన్ను తవ్వకంతో దిబ్బ చదునైపోయాక అక్కడ మిగిలే ఏకైక ఆధారం ఆ పేరే.

ఇంగ్లండులో జరిగిన కృషితో పోల్చి చూడడం ఇక్కడ ఉపయుక్తం. అక్కడి పొలాల పేర్లలో 'బ్లాక్‌లాండ్స్' అన్నది ఒకటి. నల్లనేలలు అని దాని అర్థం. అటువంటి పేరున్న కొన్ని చోట్ల రోమన్ కాలపు నివాసావశేషాలు బయటపడ్డాయి. మానవనివాసం వల్ల నల్లబడిన మట్టిని దున్నేవాడు గుర్తించి పేరు పెట్టాడు, చరిత్రకారుడు శతాబ్దాల తరువాత ఆ పేరును చదువుకున్నాడు. మన పాటిగడ్డ అంతకంటే స్పష్టమైనది. అక్కడి పేరు మట్టిరంగును మాత్రమే చెబుతుంది. ఇక్కడి పేరు పాడుబడిన ఊరినే చెబుతుంది.

6. పొలం వాడగా మారినప్పుడు

పట్టణం విస్తరించినప్పుడు పొలం పేరు వీధి పేరుగా మారుతుంది. కరీంనగర్ పట్టణంలోని మంకమ్మతోట ఇందుకు చక్కని నిదర్శనం. నేడది రద్దీగల నివాస, వ్యాపార ప్రాంతం. పేరులోని తోట ఆ నేల పూర్వస్థితిని చెబుతుంది. మంకమ్మ అన్న పూర్వపదం ఒక స్త్రీ పేరును భూమితో ముడిపెట్టి నిలుపుతుంది. పట్టాదారుల జాబితాలలో స్త్రీల పేర్లు అరుదుగా కనిపించే సమాజంలో ఇటువంటి పేర్లను విడిగా సేకరించవలసి ఉంది. వావిలాలపల్లి పట్టణంలో కలిసినా 'పల్లి' అన్న ఉత్తరపదంతో తన పూర్వ గ్రామస్థితిని, వావిలి పొదలతో తన వృక్షసంపదను గుర్తుచేస్తున్నది.

కార్ఖానాగడ్డ పేరులో పారసీ పూర్వపదం, తెలుగు ఉత్తరపదం కలిశాయి. ముకరంపుర, హుస్సేనిపుర, కమాన్, ప్రకాశంగంజ్ పేర్లు పట్టణ నిర్మాణంలోని భిన్నదశలను సూచిస్తాయి. నిర్మల్‌లోని బుధవార్‌పేట వారంలో ఒక దినం పేరుతో ఏర్పడింది. పుణెలోని పేఠల పేర్లను ఇది తలపిస్తుంది. గాజుల్‌పేట, గొల్లపేట వృత్తులను, కులాలను చెబుతాయి. మంచిర్యాలలోని హమాలీవాడ బరువులు మోసే కార్మికుల నివాసం. అరబ్బీ మూలంగల హమాలీ, తెలుగు వాడ అందులో ఇమిడిపోయాయి. ఇటువంటి మిశ్రసమాసాలను బాలవ్యాకరణం ఊహించలేదు, కాని పట్టణం వాటితోనే మాట్లాడుతుంది.

ఇక్కడ కూడా ధ్వనిసామ్యం ప్రమాదకరమే. కాశ్మీర్‌గడ్డ పేరు వినగానే కాశ్మీరంతో సంబంధం చెప్పాలన్న కోరిక కలుగుతుంది. ఇంగ్లండు పొలాలలో ఊరికి దూరంగా ఉన్న తునకలకు 'బాటనీ బే', 'నోవా స్కోషియా' వంటి దూరదేశాల పేర్లు పరిహాసంగా పెట్టిన ఉదాహరణలు ఎన్నో ఉన్నాయి. చిన్న పొలాన్ని వేళాకోళంగా 'నూరెకరాలు' అన్న సందర్భాలూ ఉన్నాయి. పేరు వలసను చెప్పవచ్చు, దూరాన్ని చెప్పవచ్చు, హాస్యాన్ని చెప్పవచ్చు, లేదా మరొక మాట మారిన రూపం కావచ్చు. యార్క్ నగరంలో 'గేట్' అని ముగిసే వీధుల పేర్లు ఉన్నాయి. నేటి ఆంగ్లం మాత్రమే తెలిసినవాడు అక్కడ ద్వారం కోసం వెతుకుతాడు. నిజానికది వీధి అనే అర్థంగల ప్రాచీన నార్స్ పదం. తొమ్మిది, పది శతాబ్దాలలో ఆ నగరంలో స్థిరపడిన స్కాండినేవియన్ల భాష అది. తేదీగల లిఖితరూపం, స్థల పరిశీలన లేకుండా కాశ్మీర్‌గడ్డకు చెప్పే ఏ వ్యుత్పత్తి అయినా ఊహగానే మిగులుతుంది.

వాడల పేర్ల విషయంలో ఒక నైతిక ప్రశ్న కూడా ఉంది. గ్రామాలలో వాడల పేర్లు ఎక్కువగా కులాల పేర్లతో ఏర్పడ్డాయి. దళితవాడలు అనేకచోట్ల అంబేద్కర్ పేరుతో కాలనీలుగా, నగర్లుగా మారాయి. పాత పేరులో అవమానం ఉన్నదని అక్కడ నివసించేవారు భావించినప్పుడు దానిని మార్చుకొనే హక్కు వారిదే. పాత పేరే ప్రామాణికమని పరిశోధకుడు పట్టుబట్టడం తగదు. అయితే ఏ పేరు ఎప్పుడు, ఎవరి నిర్ణయంతో, ఏ పేరుగా మారిందో నమోదు చేయడం అతని కర్తవ్యం. పేరు మార్పు కూడా చరిత్రే. అది ఆ వాడ తన గురించి తాను చేసిన ప్రకటన.

7. ఆదిలాబాదు: ఏ భాషలో పేరు?

పెన్‌గంగ, ప్రాణహిత, గోదావరుల నడుమ ఉన్న ఆదిలాబాదు ప్రాంతంలో ఈ సమస్య మరో మెట్టు క్లిష్టమవుతుంది. తెలుగు, మరాఠీ, గోండీ, కొలామీ, ఉర్దూ భాషలు ఇక్కడ ఒకే నేలకు పేర్లు పెట్టాయి. 1872లో సిర్పూర్–తాండూరు ఉపజిల్లా ఏర్పడినప్పుడు అందులోని తాలూకాలు ఎద్లాబాద్, రాజురా, సిర్పూర్. ఎద్లాబాద్‌కు ఎద్దులతో సంబంధం చెప్పేవారున్నారు, ఆదిలాబాద్‌కు బిజాపూర్ ఆదిల్‌షాహీతో సంబంధం చెప్పేవారున్నారు. దేశీనామాన్ని పారసీకరించడం సాధ్యమే, పారసీనామం జనవ్యవహారంలో దేశీయం కావడమూ సాధ్యమే. మార్పు ఏ దిశలో జరిగిందో చెప్పడానికి కథ చాలదు, అంతకు పూర్వపు తేదీగల లిఖితరూపం కావాలి. ఆసిఫాబాదు విషయం ఇంత జటిలం కాదు. దాని పూర్వనామం జనగాం అని రికార్డులు చెబుతున్నాయి. ఆసఫ్‌జాహీ నామకరణం దానిమీద వచ్చిన పొర.

గూడేల పేర్లు ఇంకా సున్నితమైనవి. గోండీలో 'నార్' అంటే ఊరు. అది తెలుగు 'నాడు'కు సోదరపదం. గోండీలో 'ఏర్' అంటే నీరు, తెలుగులో 'ఏరు' అంటే నది. ఒక ఒర్రె పేరులో 'ఏర్' వినబడినప్పుడు అది తెలుగు పదమని వెంటనే నిర్ణయించడం తెలుగు పరిశోధకుని సహజదోషం. ఆ ఒర్రె పక్కన నివసించేవారు ఏ భాష మాట్లాడతారో, తమ భాషలో దానికి ఏ పేరు చెబుతారో విచారించకుండా నిర్ణయానికి రాకూడదు.

రికార్డులలో కొలాంగూడ, గోండుగూడ అన్న పేర్లు పదేపదే కనిపిస్తాయి. ఇవి లోపలివారు పెట్టుకొన్న పేర్లు కావు. బయటివారు గుర్తుకోసం పెట్టినవి. కొలాములు తమను 'కొలావర్' అని, గోండులు 'కోయితోర్' అని చెప్పుకొంటారు. తన ఊరిని తన కులం పేరుతో పిలుచుకొనే అవసరం ఏ సమాజానికీ సాధారణంగా ఉండదు. హైమన్‌డార్ఫ్ 'ద రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' 1948లోనూ, ఎమెనో కొలామీ భాషా గ్రంథం 1955లోనూ వెలువడ్డాయి. ఆ భాషలను, సమాజాలను తెలుసుకొనే సామగ్రి ఏడు దశాబ్దాలుగా మనముందుంది. అయినా తెలుగు స్థలనామ పరిశోధన దానిని తగినంతగా ఉపయోగించుకోలేదు. గోండీ, కొలామీ మాట్లాడే పరిశోధకులు ఈ పనిలో సమాచారదాతలుగా మాత్రమే కాక రచయితలుగా నిలిచినప్పుడే ఆ లోపం తీరుతుంది.

8. నంబరు మిగిలి, పేరు పోయి

సాలార్‌జంగ్ సంస్కరణల కాలంలో హైదరాబాదు రాజ్యంలో బొంబాయి పద్ధతి సర్వే ప్రవేశించింది. సేత్వార్‌లో మొదలైన ఆ క్రమం 1954–55 ఖాస్రాపహాణీ మీదుగా 2020లో ధరణి, 2025లో భూభారతి దాకా వచ్చింది. ఈ క్రమం పొడవునా పొలానికి గుర్తింపు సర్వే నంబరే. ఆ నంబరు పక్కన అ, ఆ, ఇ అన్న ఉపవిభాగాలు చేరుతూ వచ్చాయి. హక్కు నిర్ణయానికి నంబరు అవసరమే. కాని నంబరు నేల గురించి ఏమీ చెప్పదు. ఇంగ్లండులో 1836 నాటి దశమభాగపు పన్ను చట్టం తరువాత తయారైన పటాల వెంట ఉన్న పట్టికలలో నంబరుతోపాటు పొలం పేరు కూడా నమోదైంది. 1923లో ఏర్పడిన ఇంగ్లిష్ ప్లేస్–నేమ్ సొసైటీ పరిశోధనకు, 1972లో జాన్ ఫీల్డ్ ప్రచురించిన పొలాల పేర్ల నిఘంటువుకు అటువంటి పట్టికలు ముఖ్యమైన ఆధారాలు. అంత దూరం పోనక్కరలేదు. పొరుగునున్న మహారాష్ట్రలో రైతు చేతిలోని ఏడు–పన్నెండు పత్రంలో పొలం స్థానికనామానికి ఒక గడి ఉంది.

మన దగ్గర పొలం పేర్లు పరోక్షంగా మాత్రమే లిఖితమయ్యాయి. పాత క్రయపత్రాల హద్దులలో, ఇనాము కాగితాలలో, చెరువుల జాబితాలలో, కోర్టు తగాదాలలో అవి దొరుకుతాయి. అంతకు పూర్వం శాసనాలున్నాయి. 1974లో పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు సంపాదించిన కరీంనగర్ జిల్లా శాసనసంపుటిని రాజవంశాల చరిత్ర కోసం చదివినంతగా భూదానాల సరిహద్దుల కోసం చదవలేదు. గంగాధర సమీపంలోని కురిక్యాల బొమ్మలగుట్ట మీద 10వ శతాబ్దిలో జినవల్లభుడు వేయించిన శాసనాన్ని కందపద్యాల కోసం మనం ఎంతో చర్చించాం. అదే శాసనం కవితాగుణార్ణవమనే చెరువును, మదనవిలాసమనే తోటను కూడా ప్రస్తావిస్తుంది. పంపకవి బిరుదు ఒక చెరువుకు పేరైన ఆ సందర్భం స్థలనామ పరిశోధకునికి పద్యాలంత విలువైనది. దాతలు పెట్టే గౌరవనామాలకు, జనం పెట్టే ఊరచెరువు, పెద్దచెరువు వంటి వర్ణనాత్మక నామాలకు మధ్య భేదాన్ని వెయ్యేళ్ళ కిందటినుంచీ పరిశీలించడానికి అది అవకాశమిస్తుంది.

ఇక మిగిలిన పెద్ద ఆధారం మనుషుల జ్ఞాపకం. దిగువ మానేరు, మధ్యమానేరు, ఎల్లంపల్లి జలాశయాల కింద ఊళ్ళు, పొలాలు మునిగాయి. కోటిలింగాల పురాస్థలం కూడా ఎల్లంపల్లి నీటిపాలయింది. రామగుండం పరిసరాలలో ఉపరితల గనులు వ్యవసాయ భూములను మట్టిగుట్టలుగా మార్చాయి. మునిగిన ఊరి పేరు పునరావాస కాలనీకి రావచ్చు. ఆ ఊరి ఇప్పలమడి పేరు కాలనీకి రాదు, ఎందుకంటే అక్కడ ఆ మడి లేదు. నష్టపరిహారపు పత్రాలలో సర్వే నంబర్లున్నాయి, విస్తీర్ణాలున్నాయి. పేర్లు ఆ నేలను దున్నిన చివరితరం నోటిలో మాత్రమే ఉన్నాయి.

9. ముగింపు

పై చర్చనుంచి నాలుగు ప్రతిపాదనలు చేస్తున్నాను. మొదటిది, ఏ స్థలనామానికైనా వ్యుత్పత్తి చెప్పేముందు దాని వ్యవహారరూపాన్ని, తేదీతో కూడిన లిఖితరూపాలను, ఆ లిఖితరూపం ఏ లిపి గుండా వచ్చిందన్న విషయాన్ని పక్కపక్కన పెట్టాలి. రెండవది, పేరు సూచించే నేలను చూడకుండా చేసిన నిర్ణయాన్ని ప్రతిపాదనగానే పేర్కొనాలి. మూడవది, ఒక ఉత్తరపదం సముదాయంగా ఉన్నచోట ఒక్క పేరుకు మాత్రమే చెప్పే వివరణను అంగీకరించరాదు. నాలుగవది, గ్రామనామాలలోని ఉత్తరపదాలకు అర్థం నిర్ణయించేటప్పుడు అదే ప్రాంతపు పొలాల, వాడల పేర్లలో ఆ పదం ఏ అర్థంలో వాడుకలో ఉందో మొదట పరిశీలించాలి.

ఈ పని విశ్వవిద్యాలయ తెలుగు శాఖలకు అసాధ్యమైనది కాదు. ఒక్కొక్క పరిశోధక విద్యార్థి ఒక్కొక్క గ్రామాన్ని స్వీకరించి గ్రామపటం మీద సర్వే నంబరు పక్కన స్థానికనామాన్ని, చెప్పినవారి ఉచ్చారణను, నేల స్వభావాన్ని నమోదు చేస్తే చాలు. నిర్వాసిత గ్రామాలతో మొదలుపెట్టడం న్యాయం. అక్కడ నేల ఇక లేదు, చెప్పగలిగినవారు వృద్ధులయ్యారు. ఊరి పేరుకు సిద్ధాంతవ్యాసం రేపు కూడా వ్రాయవచ్చు. మత్తడికింది మడి ఎక్కడుండేదో అడగడానికి మాత్రం మనకున్న గడువు ఆ మడిని దున్నినవారి ఆయుష్షు.